మధ్యాహ్నపు గంట కొట్టని రోజు

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, మా ఊరి పెద్దవాళ్ళు మబ్బుల గురించి మాట్లాడుకోవడం మానేశారు. అంతకు ముందటి ఏడు వాన అరకొరగా పడింది. ఆ ఏడు అదీ లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో బస్సు దిగి చాలాసేపు లోపలికి నడిస్తే వచ్చే ఊరు మాది. కాలువ నీళ్ళు మా పొలాల దాకా రావు. ధైర్యం చేసి వేరుశెనగ వేసినవాళ్ళకు మొలకైతే వచ్చింది కానీ, జానెడు కూడా ఎదగకుండానే మాడిపోయింది. ఎద్దుల్ని సంతకు తోలుకుపోయినవాళ్ళు పలుపుతాళ్ళు భుజాన వేసుకుని తిరిగొచ్చేవాళ్ళు. సాయంత్రం అరుగుల మీద జనం కూర్చునేవాళ్ళు గానీ, పెద్దగా మాటలుండేవి కావు.

మాది మగ్గం ఇల్లు. నేతపనివాళ్ళకు ఎండతో పని ఎక్కువ. పడుగు నూలును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాల్ని, వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, ఆరేలోపల కుంచెతో దువ్వుతూ పోవాలి. దువ్వడం ఆపితే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాన పడితే గంజి ఆరదు, మగ్గం గుంతలో చెమ్మ చేరుతుంది. అందుకని మామూలు రోజుల్లో మా తాతయ్య మబ్బు పడితే మొహం చిట్లించేవాడు. ఆ ఏడు మాత్రం ఆయన కూడా వాన కోసమే చూశాడు. చుట్టుపక్కల ఊళ్ళలో మా చీరలు కట్టేది రైతుల ఇళ్ళవాళ్ళే కదా. వాళ్ళకు లేకపోతే మాకూ లేనట్టే.

ఊరి బావి ఎండిపోతే కరువు పని కింద దాన్ని ఇంకా లోతుకు తవ్వించడం మొదలుపెట్టారు. మట్టి అయిపోయి బండ తగిలింది. అప్పటి నుంచి బండకు బొక్కలు వేసి మందు తూటాలు పెట్టి పేలుస్తూ, ముక్కల్ని తట్టల్లో పైకి లాగుతూ ఉండేవాళ్ళు. బడిలో కూర్చుంటే ఆ చప్పుడు నేల మీద నుంచి మా కాళ్ళకు తెలిసేది. రోజూ సాయంత్రం బావి గట్టున నిలబడి లోపలికి చూసేవాళ్ళం. అడుగున మనుషుల తలగుడ్డలు చుక్కల్లా కనబడేవి. నీళ్ళు మాత్రం కనబడేవి కావు.

ఆ దసరా అయినాక, నా పక్కన కూర్చునే పిల్ల మళ్ళీ బడికి వచ్చింది. వాళ్ళు కూలి పని చేసుకునేవాళ్ళు. బతుకు జరగని ఏడు ఊరు విడిచి దూర దేశాలకు పనికి పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. ఆ పిల్ల అమ్మానాన్నలు ఎండాకాలం చివర్లోనే ఆలూరు దగ్గరి ఒక మేస్త్రీ వెంట, కన్నడ సీమలో కొండల మీద ఉండే కాఫీ తోటలకు సుగ్గికి పోయారు. మా ఊరి నుంచి పోయింది వాళ్ళొక్కరే. పిల్లను కూడా తీసుకుపోయారు. ముసలామెను, అంటే ఆ పిల్ల అమ్మమ్మను, ఇంటి దగ్గర వదిలిపోయారు. ఆమెకు చూపు బాగా మందగించింది. మనిషి ఆకారం తెలిసేది గానీ మొహం తెలిసేది కాదు. మేమంతా ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం.

తిరిగి వచ్చింది తండ్రీ కూతురే. తల్లి ఏదని అడిగినవాళ్ళకు ఆయన, తోట యజమాని ఇంట్లో పనికి నిలబెట్టుకున్నారని, కాఫీ పండ్ల కోత అయ్యాక ఉగాదికి వస్తుందని చెప్పాడు. అవ్వకూ అదే చెప్పాడు. ఎవరికీ అనుమానం రాలేదు. అలా ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉండడం ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. ఆయన మరునాటి నుంచే బావి పనికి పోయాడు. అవ్వ మాత్రం గుడిసె ముందు కూర్చుని, దారిన పోయేవాళ్ళ అడుగుల చప్పుడు విని, ఉగాదికి ఇంకా ఎన్నాళ్ళుందని అడుగుతూ ఉండేది.

ఆ పిల్ల ముందు కంటే మాటలు తగ్గించింది. తగ్గించినా, ఆడుకునేటప్పుడు అప్పుడప్పుడు ఏదో ఒకటి చెప్పేది. అక్కడ వాన మొదలైతే వారం పది రోజులైనా ఆగదంది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైపోతుందంది. గడ్డిలో నడిస్తే జలగలు కాళ్ళకు పట్టుకుంటాయని, పట్టుకున్నట్టు కూడా తెలియదని, ఇంటికొచ్చి చూసుకుంటే నెత్తురు కారుతూ ఉంటుందని చెప్పింది. మా పిల్లలెవరూ నమ్మలేదు. ఆరేళ్ళ పిల్లవాడు కూడా ఆమె మాట్లాడితే కోతలు కోస్తోందని నవ్వేవాడు. జలగ అంటే ఏమిటో మాలో సగం మందికి తెలియదు. వాన ఆగదు అంటే ఎట్లా నమ్ముతాం? మాకు తెలిసిన వాన వచ్చిందనుకునేలోపల పోయేది.

మా సారు ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, మాటమాటకీ గొంతు సవరించుకునే మనిషి. అన్ని తరగతులకూ ఆయనొక్కరే. ఒకరోజు పుస్తకంలో వానలు ఎక్కువగా కురిసే ప్రాంతాల పాఠం వచ్చింది. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టి, నల్లబల్ల మధ్యలో నిలువుగా గీత గీశారు. ఒక వైపు మన ఊరు, ఇంకో వైపు వాన ఊరు అని రాశారు. మన ఊరి సంగతి మీరు చెప్పండి, వాన ఊరి సంగతి ఈ పాప చెబుతుంది, తను చూసి వచ్చింది కదా అని ఆమెను ముందుకు పిలిచి నిలబెట్టారు. ఆమెను నమ్మడం లేదని ఆయనకు తెలిసే అలా చేశారని ఇప్పుడు అనుకుంటాను.

మేం పోటీలు పడి చెప్పాం. తుమ్మ, వేప, జిల్లేడు, నాగజెముడు. తొండలు, తేళ్ళు, కంజుపిట్టలు. పగిలిన నల్లరేగడి నేల. బల్లపరుపు కప్పుల మట్టి మిద్దెలు. ఆమె నెమ్మదిగా అటువైపు చెబుతూ వచ్చింది. అక్కడ మిద్దెలుండవని, ఇళ్ళన్నీ ఏటవాలు పెంకులవని, లేకపోతే వాన నిలబడి ఇల్లు కూలిపోతుందని చెప్పింది. చెట్ల మొదళ్ళ మీద ఆకుపచ్చగా మెత్తగా నాచు పెరుగుతుందని, చెట్టు మీదే ఇంకో మొక్క మొలుస్తుందని చెప్పింది. కట్టెలు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి పొయ్యి పైన అటక కట్టి ఆరబెడతారంది. గుడ్డలు ఆరవంది. సారు ప్రతి మాటకూ తల ఊపి రాస్తూ పోయారు. ఆమె చెప్పిందంతా నల్లబల్ల మీద అక్షరాలై కనబడేసరికి పిల్లలు నవ్వడం తగ్గించారు. ఆమె మొహంలో కూడా కాస్త వెలుగు వచ్చింది. తిరిగి వచ్చాక అలాంటి మొహం చూడడం నాకదే మొదలు.

అప్పుడు వెనక నుంచి ఒక పిల్లవాడు లేచాడు. వాళ్ళ నాన్న కూడా బావిలో పనిచేస్తున్నాడు. అంత వాన పడే చోట బావి ఎంత లోతుంటుందని అడిగాడు.

"బావి ఎందుకు? మోకాలు లోతు తవ్వితే సాలు. నీళ్ళూరుతాయి" అందామె.

తరగతంతా గొల్లుమంది. బయట మా నాన్నలు, మామలు బండను పగలగొడుతున్నారు. ఆ బావి లోతు మాకు తెలుసు. మోకాలు లోతు మాట మాకు అన్నిటికంటే పెద్ద అబద్ధంలా అనిపించింది. ఆ పిల్లవాడు అబద్ధాలకోరు అన్నాడు. ఆమె మొహం ఎర్రబడింది. అప్పటిదాకా తాను నమ్మించుకున్నదంతా చేజారిపోతున్నట్టు గబగబా అంది:

"నేను సూసినా. మా యమ్మకు గుంత తవ్వితే నీళ్ళూరినాయి. మా నాయన సెంబుతో తోడి పోస్తాంటే మళ్ళా మళ్ళా ఊరినాయి."

ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చాక ముందుగా ఉలిక్కిపడింది ఆమే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాకైతే చెంబే కనబడింది. గుంతలో వంగిన మనిషి, చెంబుతో నీళ్ళు, ఆ తరువాత అది ఏ గుంతో తెలిసింది. ఎవరూ నవ్వలేదు.

సారు సుద్దముక్క కింద పెట్టారు. ఆమె దగ్గరికి వచ్చి, ఇంట్లో అవ్వకు తెలుసా అని చాలా చిన్న గొంతుతో అడిగారు. ముందు బెంచీలో ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది. అవ్వ తట్టుకోలేదని, కాస్త ఆగి తానే చెబుతానన్నాడట. చెబుదామని రోజూ బావి నుంచి వస్తాడు, అవ్వ పక్కన కూర్చుంటాడు, సంగటి తిని పడుకుంటాడు. అదీ ఆమె చెప్పింది.

అప్పటికి మధ్యాహ్నం అవుతోంది. మధ్యాహ్నం గంట కొడితే మేమంతా తిండికి ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళం. మా ఇళ్ళు, ఆ పిల్ల ఇల్లు అన్నీ ఆ రెండు మూడు వీధుల్లోనే. మా నోళ్ళలో ఆ మాట ఎంతసేపు ఆగుతుంది? ఎవరో ఒక పిల్లవాడు అరుచుకుంటూ పోతాడు, దారిలో కూర్చున్న అవ్వ వింటుంది. ఇదంతా నేను పెద్దయ్యాక ఆలోచించుకున్నది. ఆ పూట సారు మాత్రం అంతా ఒక్క క్షణంలో ఆలోచించి ఉంటారు.

బడి పక్క వీధిలో మా తాతయ్య, మా అమ్మ సాయంతో, పడుగు చాపి గంజి పట్టిస్తున్నాడు. సారు కిటికీ దగ్గరికి పోయి ఆయన్ను పిలిచారు. ఊచల దగ్గర తల ఆనించి ఏదో చెప్పారు. తాతయ్య చేతిలో కుంచె అట్లాగే ఉంది, దాని నుంచి గంజి కారుతోంది. విన్నాక కుంచె మా అమ్మ చేతికిచ్చి, తలగుడ్డ చుట్టుకుని బావి వైపు నడిచాడు. అంత పొడుగు పడుగు మా అమ్మ ఒక్కతే రెండు కొసలూ చూసుకోలేదని ఆయనకు తెలుసు. తెలిసే పోయాడు.

సారు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ పిల్లను తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఎమ్మిగనూరు నుంచి తెచ్చుకున్న తన టిఫిన్ గిన్నె మూత తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. తిన్నదో లేదో నాకు గుర్తు లేదు. తిననట్టే గుర్తు. ఆ తరువాత ఆయన మా వైపు తిరిగి, వాన ఊరి సంగతి అయింది, ఇప్పుడు మంచు దేశం సంగతి చెబుతాను అన్నారు. నల్లబల్ల మీద ఇంకో నిలువు గీత గీశారు.

ఆ రోజు విన్నంత కథ నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. భూమికి పై కొసన ఒక దేశం ఉందన్నారు. అక్కడ నేల కనబడదు, నడిస్తే అంతా మంచే. నీళ్ళు కావాలంటే గొడ్డలితో నరికి తెచ్చుకుని పొయ్యి మీద కరిగించాలి. ఇల్లు కూడా మంచు ఇటుకలతోనే కడతారు. చెట్టు అనేది లేదు. అక్కడివాళ్ళు ఆకు చూడకుండానే ముసలివాళ్ళైపోతారు. ఎలుగుబంట్లు తెల్లగా ఉంటాయి. చలికాలమంతా సూర్యుడు పైకి రాడు, ఎండాకాలమంతా కిందికి దిగడు. ఊపిరి వదిలితే మీసాల మీద గడ్డకడుతుంది. అంతా నోరు తెరుచుకుని విన్నాం. ఒకడు అక్కడ ఉల్లిగడ్డ పండదా అని అడిగాడు. పండదన్నారు సారు. మరి సంగటిలోకి ఏం నంజుకుంటారని ఇంకొకడు అడిగాడు. సారు నవ్వలేదు. చేపలని చెప్పి, ఆ చేపల్ని మంచుకు బొక్క పెట్టి ఎట్లా పడతారో చాలాసేపు చెప్పారు.

మధ్యలో ఆకలవుతోందని చిన్న తరగతి పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. సారు గంట వైపు చూడనే లేదు. ఇంకో కథ మొదలుపెట్టారు. ఇంకో కథ. ఆయన గొంతు బొంగురుపోయింది. మాటమాటకీ సవరించుకునే మనిషి, ఆ పూట సవరించుకోవడానికి కూడా ఆగకుండా చెప్పారు. ఆగితే మేము లేస్తామని భయమేమో. ఆయన చూపు మాత్రం తలుపు వైపే ఉంది.

ఆ సమయంలో బావి దగ్గర ఏం జరిగిందో మా తాతయ్య చాలా ఏళ్ళ తరువాత చెప్పాడు. అందరి ముందూ ఏమీ అనకుండా, ఆ పిల్ల నాన్నను పక్కకు పిలిచాడట. బడిలో పాప నోరు జారిందని, పిల్లల్ని సారు పట్టి ఉంచారని చెప్పాడట. ఆయన తవ్విపోసిన రాళ్ళ కుప్ప మీద కూలబడిపోయాడు. "ఎట్ల సెప్పల్లన్నా? నాకు నోరు రాలేదు" అన్నాడట. తాతయ్య ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, నీ నోటితో వింటేనే ఆమెకు కొంచెమైనా నయం అన్నాడు. ఇద్దరూ కలిసి గుడిసె దాకా నడిచారు. తాతయ్య లోపలికి పోలేదు. బయట రుబ్బురోలు మీద కూర్చున్నాడు.

మాకు ముందు తూటా చప్పుడు వినబడకపోవడం తెలిసింది. పని ఆగిపోయింది. కాసేపటికి ఊరి ఆ చివర నుంచి ఏడుపు లేచింది. ముసలి గొంతు. మాటలు తెలియలేదు గానీ, ఎవరి ఏడుపో అందరికీ తెలిసింది. సారు చెబుతున్న వాక్యం మధ్యలో ఆపేశారు. ఆ పిల్ల స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. ఆయన కూడా లేచి ఆమె చెయ్యి పట్టుకున్నారు. తలుపు దాకా పోయి మా వైపు తిరిగి చూశారు.

"మీరు ఈ పొద్దు విన్న మాట ఆ పాపది. మీది కాదు. ఇంటికి పోయి మీ అమ్మల్ని అవ్వ కాడికి పంపండి, సాలు" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం గంట కొట్టనే లేదు. మేము చప్పుడు లేకుండా ఇళ్ళకు పోయాం. మా వీధిలోకి వచ్చేసరికి మా అమ్మ పడుగు ముందు కూర్చుని ఉంది. గంజి ఆరిపోయి దారాలు కట్టెల్లా బిగుసుకుపోయాయి. సగం మేర అంతే. సారు చెప్పమన్నది నేను అమ్మకు చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని అవ్వ దగ్గరికి పోయింది. ఆ తరువాత చాలా రోజులు మా తాతయ్య పొద్దున లేచి ఆ దారాల్ని తడిపి, ఒక్కొక్కటిగా విడదీస్తూ కూర్చునేవాడు. కొన్ని వచ్చాయి, కొన్ని తెగిపోయాయి. ఆ పడుగు గురించి ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా ఎవరూ వినలేదు.

కొన్నాళ్ళకు, పాఠం జరుగుతుండగా, అవ్వ బడికి వచ్చింది. మనవరాలి భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. సారు కుర్చీ వేయబోతే వద్దని గడప మీదే కూర్చుంది. తన కూతురు పండుకున్న దేశం ఎట్లా ఉంటుందో చెప్పమని సారును అడిగింది. అల్లుణ్ణి అడిగితే ఏడుస్తాడు, పిల్లను అడిగితే భయపడుతుంది, మీరు సదువుకున్నోళ్ళు, మీకు తెలిసుంటాది అంది. తనకూ ఆ దేశం తెలియదని, చూసింది ఆ పాపేనని సారు చెప్పారు. పాప చెబుతుంది, మేమంతా వింటాం అన్నారు. ఆ పిల్ల సారు మొహం వైపు చూసింది. ఆయన తల ఊపారు.

ఆ రోజు పాఠం అదే. ఆమె చెబుతూ పోయింది, అవ్వ మధ్యమధ్యలో అడుగుతూ పోయింది. ఇటువంటి ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ లేవు. అక్కడ ఎండ పడుతుందా? పడదవ్వా, పెద్ద చెట్లు, ఆకుల మీద ఆకులు. అయితే దానికి చలేస్తుందే, ఎండలో పుట్టి ఎండలో పెరిగింది. గాలి ఉందా? ఉంది, చెట్ల పైన చప్పుడు చేస్తుంది, కింద తెలియదు. నక్కలున్నాయా? చూడలేదు. పిట్టలు కూస్తాయా? కూస్తాయి, మన పిట్టలు కావు, ఈల వేసినట్టు కూసే పిట్ట ఒకటుంది. ఆ మాట విని అవ్వ మన పిట్ట ఒక్కటైనా లేదా అంది. ఆ పిల్ల ఆలోచించి, కాకి ఉందని చెప్పింది.

"కాకి ఉందా" అని అవ్వ నిట్టూర్చింది.

చివరికి ఆమె, ఆ చోటికి గుర్తు ఏమైనా పెట్టారా, లేక ఏ గుర్తూ లేకుండా వదిలేసి వచ్చారా అని అడిగింది. తలాపున నాన్న పచ్చి కట్టె ఒకటి నాటాడని పిల్ల చెప్పింది. తోటలో కంచెకు నాటే కట్టె. వాళ్ళు బయలుదేరి వచ్చే రోజు చూస్తే దానికి కణుపుకణుపునా ఆకులు వచ్చాయట. అక్కడ ఏ కట్టె నాటినా చిగురేస్తుందని చెప్పింది.

అవ్వ నమ్మలేనట్టు తల తిప్పింది. కట్టెకు ఆకులా? ఏమాకు, ఎట్లుంటాదని అడిగింది. పిల్ల లేచి నల్లబల్ల దగ్గరికి పోయి సుద్దతో పెద్ద ఆకు గీసింది. ఒక్క కాడకు మూడు ఆకులు, కొస సన్నగా. సారు అవ్వను చెయ్యి పట్టుకుని బల్ల దాకా తీసుకొచ్చారు. ఆమెకు సుద్ద గీత సరిగ్గా కనబడి ఉండదు. వేళ్ళతో తడిమింది. ఆ అంచు వెంబడి మెల్లగా, మొదట్నుంచి చివరిదాకా. ఆకు చెరిగిపోయి వేళ్ళకు తెల్లగా అంటుకుంది. ఆ వేళ్ళను కొంగుకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని ఇంటికి పోయింది.

బావిలో నీళ్ళు పడలేదు. పని ఆపేశారు. ఎండాకాలం మొదలవకముందే ఆ పిల్ల వాళ్ళు మళ్ళీ సుగ్గికి బయలుదేరారు. ఈసారి అవ్వ కూడా పోయింది. చూపు లేని ముసలామెను అంత దూరం ఎందుకని ఊళ్ళో నలుగురూ చెప్పి చూశారు. ఆమె వినలేదు. మేము బడి కిటికీలోంచి చూస్తుంటే మూటలతో బస్సు దారి వైపు నడిచిపోయారు. ఆ పిల్ల ఒక్కసారి బడి వైపు చూసింది, చెయ్యి ఎత్తలేదు. వాళ్ళు తిరిగి రాలేదు. ఆ మేస్త్రీ వెంట ఇంకో తోటకు పోయారని ఒకరు, బెంగళూరు పోయారని ఒకరు అన్నారు. గుడిసె ఒక వర్షాకాలం నిలిచి, మరుసటి దాంట్లో కూలిపోయింది. ఆ ఏడు వాన బాగా పడింది.

నేను నర్సు చదువు చదివి, ఆదోనిలో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేశాను. వరండాలో నిలబడితే ఒకటే తెలుస్తుంది: చావు కబురు మోసుకుపోవడానికి జనం ఎంత తొందరపడతారో. చెడ్డవాళ్ళు కాదు, నోరు ఊరుకోదు అంతే. నా చేతనైనంత వరకు వాళ్ళను ఆపేదాన్ని. టీ తాగండి అని, ఈ మందు తెచ్చిపెట్టండి అని, ఏదో ఒకటి చెప్పి, రావలసిన మనిషి వచ్చేదాకా నిలబెట్టేదాన్ని. ఇది దాచడమే కదా అని ఒక కొత్త నర్సు నన్నడిగింది. ఆ పిల్ల నాన్న దాచాడు, పాపం, భయపడి. మా సారు దాచలేదు. ఆగమన్నారు, అదీ చెప్పవలసిన మనిషి నడిచి వచ్చేంతసేపు. ఆ తేడా ఆమెకు నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఫోన్లు వచ్చాక అది ఇంకా కష్టమైంది. మొన్న ఎండాకాలంలో మా వీధిలో ఉండే ఒకతను పనికి పోయి అక్కడే గుండె ఆగి పోయాడు. పత్తి జిన్నింగు మిల్లులో మూటలు మోసే హమాలీ. కబురు వీధిలోకి వచ్చేసరికి ఆయన భార్య ఇంట్లో ఒక్కతే ఉంది, ఏమీ తెలియదు. అప్పటికే వాళ్ళ ఇంటి గేటు దగ్గర నలుగురు ఫోన్లు పట్టుకుని గుసగుసలాడుతున్నారు. ఆమె అన్న ఆలూరు నుంచి ఆటోలో బయలుదేరాడని తెలిసింది. నేను గేటు దగ్గరివాళ్ళను మా ఇంట్లోకి పంపి, ఆమె ఇంటికి పోయాను. ఆమె వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. నేను పక్కన పీట వేసుకుని కూర్చుని, కత్తిపీట నాకిమ్మన్నాను. ఎప్పుడూ రాని మనిషి వచ్చిందేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. మా ఊరి సంగతులు, మగ్గం సంగతులు, ఏవేవో. గొంతు ఎండిపోతున్నా ఆపలేదు.

ఆమె ఫోన్ ఒకసారి మోగింది. చేతులు తడిగా ఉన్నాయి కదా, తరువాత మాట్లాడు అన్నాను. సరేనంది.

కాసేపటికి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆమె అన్న లోపలికి వచ్చి నిలబడ్డాడు. నేను లేచి, ఆమె పక్కన నా పీట ఆయనకిచ్చి బయటికి వచ్చాను.